నూటికి ఎనిమిది

పెనుకొండలో నారాయణమ్మను లెక్కల్లో మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆమె మొగుడు రంగప్ప అంటుండేవాడు. మెచ్చుకుని అంటున్నాడా, విసుగెత్తి అంటున్నాడా అన్నది తేలక ఆ మాట మీద కూడా ఆమెకు అనుమానమే. పాలు పోసే మనిషి చెంబు వంచే తీరు మీద అనుమానం. చాకలి మూట కట్టే తొందర మీద అనుమానం. చెనక్కాయలు కొలిచే శేరుకు అడుగున సొట్ట ఉందేమోనని అనుమానం. తీరా తిప్పి చూస్తే ఆ శేరుకు సొట్ట ఉండనే ఉండేది. వచ్చిన చిక్కంతా అదే మరి. అనుమానించినప్పుడల్లా గెలుస్తుంటే ఏ మనిషి మాత్రం ఆ అలవాటు మానుకుంటుంది?

అట్లాంటి నారాయణమ్మ ఒక్క విషయంలో మాత్రం అనుమానించకుండా ఊరుకుంది. బస్టాండు దగ్గర సైకిల్ షాపు నడిపే రంగప్ప ఏడాది పొడుగునా దగ్గుతుంటే, పంక్చర్లకు పూసే జిగురు వాసన పడలేదనుకుంది. పంతొమ్మిదివందల యాభైతొమ్మిది శ్రావణంలో ఒక పొద్దున అతను పళ్ళు తోముకుంటూ రక్తం కక్కాడు. క్షయ అన్నారు. మదనపల్లె ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కార్తీకం దాటాక రొమ్ము కోసి ఊపిరితిత్తిలో చెడిన ముక్క తీసేస్తామనీ, తట్టుకుని బతికితే ఇక భయం లేదనీ అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ 'బతికితే' అన్న మాట నారాయణమ్మకు గొంతులో ముల్లయింది. పిల్లలు లేని ఇల్లు. ఆ మనిషి కూడా పోతే ఆ ఇంట్లో అనుమానించడానికైనా ఎవరూ మిగలరు.

పక్క వీధి పుట్టమ్మవ్వ ఉపాయం చెప్పింది. "లక్ష ఒత్తుల నోము పట్టమ్మా. కార్తీకం కడసారి సోమవారం శివుని గుడిలో అన్నీ ఒకేపారి వెలిగించు. నీ చేత్తో చేసిన ఒత్తులుండాల. ఒక్కదానివి చేయలేకపోతే నీతో ఒకే కడుపున పుట్టినోళ్ళ చేతులు కలపచ్చు. బయటోళ్ళ చెయ్యి మాత్రం తగలకూడదు."

పుట్టమ్మవ్వ చెప్పింది అంతవరకే. లక్షకు ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు అన్న నియమం నారాయణమ్మ సొంతంగా చేర్చుకున్నది. దేవుడితో ఒకసారి మాట అనుకున్నాక సరుకు తక్కువ పోసినా ఎక్కువ పోసినా మాట తప్పినట్టేనని ఆమె వాదం. ఎవరు కాదనగలరు ఆమెను?

ఆమెకు ఇద్దరు చెల్లెళ్ళు. నడిపిది అంజనమ్మ, హిందూపురంలో చింతపండు మండీ పెట్టుకున్న తిమ్మప్ప పెళ్ళాం. చిన్నది చౌడేశ్వరి, ధర్మవరంలో పుట్టింట్లోనే ఉండిపోయింది. వాళ్ళ నాయన నరసప్ప కుళ్ళాయప్పను చిన్న కూతురికి ఇల్లరికం తెచ్చుకుని, తాను పట్టుచీరలు నేసిన మగ్గాన్నీ, ఆ మగ్గమున్న ఇంటినీ వాళ్ళకే రాసిచ్చి కన్నుమూశాడు. న్యాయంగానే రాసిచ్చాడని నారాయణమ్మ పైకి అనేది. ఆ కాగితం మీద చేవ్రాలు చేసిన పూట నాయనకు స్పృహ ఉందో లేదోనని లోపల మాత్రం ఏళ్ళ తరబడి కొలుస్తూనే ఉంది.

ముగ్గురూ హిందూపురంలో అంజనమ్మ ఇంట్లో కలిశారు. మండీ వెనక గదిలో దూది మూట విప్పి, పంచుకోబోతూ లెక్క దగ్గర ఆగారు.

"లక్ష ముగ్గురికీ సమంగా తెగదు. ఒకటి మిగులుతాది," అంది నారాయణమ్మ.

"భాగించకనే చెప్పేస్తివే. నాయన లెక్కనా?" అంటూ అంజనమ్మ నవ్వింది.

నాయన లెక్కే. పడుగు పోగులు లెక్కపెట్టేటప్పుడు నరసప్ప ఎంత పెద్ద సంఖ్యనైనా అంకెలు విడదీసి కూడేవాడు. కూడగా వచ్చినదాన్ని మళ్ళీ కూడేవాడు. చివరికి ఒక్క అంకె మిగిలేది. ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో ఆ అంకే చెప్తుంది. తొమ్మిదే వస్తే ఏమీ మిగలనట్టు. మొదట అనుకున్న లెక్కకూ, చేతికొచ్చిన లెక్కకూ ఈ అంకె కలవకపోతే ఎక్కడో పోగు తప్పిందని అర్థం. అక్షరాలు రాకముందే ముగ్గురు కూతుళ్ళకూ ఈ విద్య వచ్చింది. లక్షలో ఒక ఒకటి, ఐదు సున్నాలు. కూడితే ఒకటి. అది తొమ్మిదికీ లొంగదు, మూడుకూ లొంగదు. ఎట్లా పంచినా ఒకటి మిగిలిపోతుంది.

"మనిషికి ముప్పైమూడువేల మూడువందల ముప్పైమూడు, పైన ఒకటి," అంది అంజనమ్మ. "ఆ ఒక్కదానికి తగువెందుకు? తలా ఒకటి ఎక్కువ చేస్తే పోలేదా? లక్షా రెండు అయితాయి. దేవుడు వద్దంటాడా?"

"నా మొగుడి పానం మీద నీ చింతపండు తూకం చూపియ్యద్దు. లక్షంటే లక్షే. ఆ ఒకటి నేను చేస్తా."

అంతవరకూ నోరు విప్పని చౌడేశ్వరి దూది ఒళ్ళోకి తీసుకుని, "ఎక్కువైతే ఏమైతాదక్కా?" అని మెల్లగా అడిగింది.

నారాయణమ్మ అప్పటికి దూది పంచే పనిలో పడిపోయింది. పెనుకొండలో రైలు దిగి ఇంటికొచ్చి, అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. తక్కువైతే ఏమవుతుందని అడగాల్సిన పిల్ల ఎక్కువైతే ఏమవుతుందని ఎందుకు అడిగింది?

అది మొదలు. ఇక ఆమె చేతులు ఒత్తులు చేస్తుంటే మనసు చౌడేశ్వరి చుట్టూ తిరిగింది. ఉన్నట్టుండి అది ఎందుకంత చిక్కిపోయింది? బావకు ఎట్లుండాదని తనను అడిగేటప్పుడు కళ్ళు ఎందుకు దించుకుంది? దగ్గేటప్పుడు ఎట్ల దగ్గుతాడు, రాత్రిపూట ఎక్కువా పగటిపూట ఎక్కువా అని అంత వివరంగా ఎందుకు అడిగింది? ప్రేమతో అడిగిందని ఇంకొకరైతే అనుకుంటారు. నారాయణమ్మ అట్లా అనుకునే రకం కాదు.

అంజనమ్మ తన వంతు ఒత్తులు నూరేసి కట్టలుగా కట్టి తానే తెచ్చి ఇచ్చింది. నారాయణమ్మ చెల్లెలి ఎదుటే పది కట్టలు విప్పి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంజనమ్మ మూతి ముడుచుకుని కాఫీ కూడా తాగకుండా రైలెక్కింది.

చౌడేశ్వరి వంతు దాని మరిది వెంకటరాముడి చేత వచ్చింది. అతను గోనెసంచి అరుగు మీద దించి, చెప్పి పంపిన మాటలు అప్పజెప్పాడు. "మూడువందల ముప్పైమూడు కట్టలంట. కట్టకు నూరంట. విడిగా ముప్పైమూడు మిగిలినాయంట, అవి నోము దినం వదినే చేతిలో పెట్టుకొస్తాదంట."

"కుళ్ళాయప్ప యాడ? వాడు తేకూడదా?"

"మగ్గం మీద ఉండాడు," అన్నాడు వెంకటరాముడు. అని, నీళ్ళు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ధర్మవరం నుంచి మూట మోసుకొచ్చిన మనిషికి దాహం వేయలేదంటే నమ్మడానికి నారాయణమ్మ ఏమైనా చిన్నపిల్లా?

సంచి విప్పింది. కట్టలు చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ లావుగా ఉన్నాయి. అంజనమ్మ కట్ట ఒకటి పక్కన పెట్టి చూసింది. అవును, లావే. దారం తెంచి లెక్కపెట్టింది. నూటెనిమిది. మరొకటి తెంచింది. నూటెనిమిది. సంచి అడుగున చెయ్యి పెట్టి ఒకటి లాగింది. అదీ నూటెనిమిదే.

నూటెనిమిది అనగానే ఆమెకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. వాళ్ళమ్మ పొద్దున్నే తులసి పూసల మాల తిప్పేది. మాలకు పూసలు నూటెనిమిది. కానీ ఒక మాల తిరిగితే నూరనే లెక్క వేసుకునేది. మిగతా ఎనిమిదీ మనసు పక్కకు పోయి చేసిన తప్పుల కింద పోతాయనేది. జపం చేసేవాళ్ళందరూ అట్లాగే లెక్కపెడతారు. కానీ ఇది జపం కాదు. తప్పుల కింద పోవడానికి ఇక్కడ ఏముంది? ఒత్తి ఉంటే ఉంది, లేకుంటే లేదు.

నారాయణమ్మ రెండు దినాలు కూర్చుని అన్ని కట్టలూ విప్పింది. ప్రతిదాంట్లోనూ ఎనిమిది ఎక్కువ. ఒక్కటి కూడా ఏడు లేదు, తొమ్మిది లేదు. మరచిపోయి ఎక్కువ పెట్టినదైతే అట్లా ఉండదు. ఇది బుద్ధిపూర్వకంగా చేసిన పని. ఎనిమిదేసి బయటికి తీసి వేరే సంచిలో పోసింది. మొత్తం రెండువేల ఆరువందల అరవైనాలుగు.

ఈ సంగతి నోము సామాన్లు తెచ్చి ఇవ్వడానికి వచ్చిన అంజనమ్మకు చెప్పకుండా ఉండలేకపోయింది. అంజనమ్మ సంచిలోకి తొంగి చూసి, గొంతు తగ్గించి, "వేరేవాళ్ళ మొక్కు నీ దాంట్లో కలిపింటాదేమోక్కా," అంది. "మా వీధిలో ఒకామె ఇట్లనే చేసె. ఒకరి నోములో తన ఒత్తులు దొంగగా పెట్టె. ఫలం రెండు ముక్కలై ఇద్దరికీ దక్కకపాయె."

"దానికేం మొక్కు ఉండాది?"

"నాకేం తెలుసు. ఇల్లు దానికే పాయె, మగ్గం దానికే పాయె. ఇంకా ఏం కావాల్నో దాన్నే అడుగు."

అగ్గిలో నెయ్యి పోసినట్టయింది. నారాయణమ్మ మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కి ధర్మవరంలో దిగింది. వస్తున్నానని కబురు పెట్టలేదు. కబురు పెడితే దొంగ సర్దుకుంటాడు.

వీధి మొదట్లోకి వచ్చేసరికే పుట్టింటి మగ్గం చప్పుడు వినబడింది. ఆ వీధిలో ఇంటింటికీ మగ్గమే, అయినా ఆ చప్పుడు ఆమెకు వేరుగా తెలుస్తుంది. ఆ చప్పుడులోనే పుట్టింది, ఆ చప్పుడులోనే పెరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. ఏదో తేడాగా ఉంది. కుళ్ళాయప్ప నేస్తే దెబ్బ గట్టిగా, వరసగా పడుతుంది. ఇది తేలిగ్గా పడుతోంది, మధ్యమధ్యలో ఆగుతోంది. వెంకటరాముడు నేస్తున్నాడా అంటే, అతను ఎదురింటి అరుగు మీద కూర్చుని ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, ఉండు, నేను పోయి చెప్తా—"

"నా పుట్టింటికి నేనొస్తే చెప్పేదానికి నువ్వెవరప్పా?" అని నారాయణమ్మ అతన్ని దాటుకుని సందులోంచి పెరటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నది చౌడేశ్వరి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు దారం చుట్టడమే గానీ గుంతలో దిగి నేయడం నారాయణమ్మ ఎన్నడూ చూడలేదు. వెనక చీకటి గదిలో నులక మంచం మీద కుళ్ళాయప్ప గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం కింద మూకుడులో బూడిద పోసి ఉంది. ఆ బూడిద ఎందుకో నారాయణమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తన ఇంట్లోనూ శ్రావణం నుంచి రంగప్ప ఆసుపత్రికి పోయేదాకా, దగ్గినప్పుడు ఉమ్మడానికి అట్లాంటి మూకుడే ఉండేది.

చూసింది. చూసి కూడా, వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక, అనుకొచ్చిన మాటే అడిగింది.

"కట్టకు నూరని చెప్పి పంపి నూటెనిమిది ఎందుకు కడితివే?"

"అమ్మ లెక్కక్కా," అంది చౌడేశ్వరి గుంతలోంచి లేవకుండా. "ఎనిమిది తప్పులకు."

"విడి ముప్పైమూడు యాడుండాయి? తే."

చౌడేశ్వరి కూర్చున్న చోటినుంచే పక్క గూట్లోంచి చిన్న మూట తీసి ఇచ్చింది. నారాయణమ్మ అక్కడే నిలబడి లెక్కపెట్టింది. సరిగ్గా ముప్పైమూడు. మూట తిరిగి చెల్లెలి చేతిలో పెట్టింది.

"తప్పులు నూటికే జరుగుతాయా? ముప్పైమూటిలో జరగవా? దీంట్లో ఒక్కటన్నా ఎక్కువ లేదే. నాయన కూతురికే లెక్కలు చెప్తాండావా నువ్వు?"

చౌడేశ్వరి లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. కుళ్ళాయప్పకు వినబడకుండా తలుపు దగ్గరికి వేసింది.

"ఎండాకాలం నుంచి రక్తం పడతాండాదక్కా. షావుకారుకు తెలిస్తే పట్టు ఇయ్యడు. రోగమున్నింట్లో నేసిన చీర ఎవురు కట్టుకుంటారు? మగ్గం చప్పుడు ఆగితే వీధంతా అడుగుతారని నేనే కూర్చుంటాండా. వెంకటరాముడు నేర్పిచ్చినాడు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే అంజనక్కకు తెలుస్తాది. అంజనక్కకు తెలిస్తే హిందూపురానికంతా తెలుస్తాది. నేను వేరేగా నోము పడితే ఎవురికోసమని అడగరా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ లక్షలో పాలు అడగలేదక్కా. తప్పుల కింద పోయే ఎనిమిదీ ఎట్లా లెక్కలోకి రావు కదా. అవి ఎవురూ అడగరు. ఆయనకు అవి సాలనుకున్యా."

నారాయణమ్మకు ముందు వచ్చింది దయ కాదు, మంట. తన మొగుడి ప్రాణం కోసం తాను లెక్కపెట్టి లెక్కపెట్టి పోగేస్తున్న లక్షలోకి ఈ పిల్ల తన మొగుణ్ణి దొంగతనంగా ఎక్కించింది. అంజనమ్మ చెప్పినట్టే చేసింది. అనుమానం నిజమైంది. ఎప్పుడూ నిజమవుతూనే ఉంటుంది, కానీ గెలిచిన సంతోషం ఈసారి రాలేదు.

"వాటిని తీసి పారేసినా," అంది కటువుగా. "లక్షకు పైన ఒక్కటి వెలిగించినా మీ బావకు ఏమన్నా అయితే నేను ఓర్చుకోలేను."

చౌడేశ్వరి తల ఊపింది. ఏడవలేదు, బతిమాలలేదు. "నీ నోమక్కా. నీ ఇష్టం," అని, అక్కకు తాగడానికి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆ చెంబు పట్టుకున్న వేళ్ళు దారం కోసి కోసి పగిలి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే పగలు మగ్గం, ఆ వేళ్ళతోనే రాత్రి పొద్దుపోయేదాకా ఒత్తులు. ముప్పైఐదువేలకు పైగా ఒత్తులు.

తిరుగు రైల్లో నారాయణమ్మ కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే అంకెలు వచ్చాయి. ఏం చేస్తుంది పాపం, ఆమె బుర్ర అట్లా తయారైంది. రెండువేల ఆరువందల అరవైనాలుగు. రెండూ ఆరూ ఎనిమిది, ఇంకో ఆరు పద్నాలుగు, నాలుగు పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. తొమ్మిదంటే నాయన లెక్కలో ఏమీ లేనట్టే.

కళ్ళు తెరిచింది. మళ్ళీ కూడింది. ఎనిమిది తొమ్మిదికి లొంగదు. కానీ కట్టలు మూడువందల ముప్పైమూడు, మూడూ మూడూ మూడూ తొమ్మిది, ఆ సంఖ్య తొమ్మిదికి లొంగుతుంది. అందుకని ఎన్నేసి ఎక్కువ పెట్టినా, మొత్తం మీద మిగిలేది సున్నే. లక్షకు దాన్ని కలిపితే లక్షా రెండువేల ఆరువందల అరవైనాలుగు. కూడితే పంతొమ్మిది, పంతొమ్మిదిని కూడితే పది, పదిని కూడితే ఒకటి. లక్షను కూడినా ఒకటే. నాయన బతికుండి ఈ రెండు సంఖ్యలకూ తన లెక్క కట్టి చూసినా తేడా కనిపెట్టలేడు. తొమ్మిదులతో పెరిగింది ఈ లెక్కకు దొరకదని ఆయనే చెప్పేవాడు, అది ఈ విద్యలో ఉన్న లోపమని కూడా చెప్పేవాడు. లోపమని నారాయణమ్మకు తెలియకపోలేదు. మామూలు రోజుల్లో ఇంకెవరైనా ఈ మాట చెప్పి ఒప్పించబోతే ఆ మనిషిని వాకిట్లోకి కూడా రానిచ్చేది కాదు.

పెనుకొండలో దిగేటప్పటికి కూడా ఆమె ఏమీ నిశ్చయించుకోలేదు. నిజం చెప్పాలంటే భయపడింది. ఒకవైపు మదనపల్లెలో పడుకున్న మనిషి, ఇంకోవైపు నులక మంచం మీద గోడకు తిరిగిన మనిషి. దేవుడు నాయన లెక్కే వేస్తాడని ఎవరు హామీ ఇస్తారు? ఇంట్లో ఎనిమిదుల సంచి మూలన ఉంది. రెండు దినాలు దాన్ని దాటుకుంటూ తిరిగింది. మూడో దినం పొద్దున స్నానం చేసి, దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని, ఒక్కొక్క కట్టలోకీ ఎనిమిదేసి తిరిగి పెట్టి దారం కట్టింది. తప్పు చేస్తున్నానేమో అనుకుంటూనే కట్టింది.

కడసారి సోమవారం సందెవేళ శివుని గుడి ముందర పెద్ద మూకుడు పెట్టారు. నేతిలో తడిపిన ఒత్తులు గుట్టగా పోశారు. పుట్టమ్మవ్వ వచ్చింది, వీధి ఆడవాళ్ళు వచ్చారు. చౌడేశ్వరి ఒక్కతే వచ్చింది, ముప్పైమూడు ఒత్తుల మూట గుప్పిట్లో పట్టుకుని అందరికంటే వెనకగా నిలబడింది. అంజనమ్మ మాత్రం వచ్చీరాగానే గుట్ట చుట్టూ ఒకసారి తిరిగింది. ఖాళీ గోనెసంచి తిప్పి చూసింది. అందరూ వింటుండగానే అడిగింది.

"అక్కా, ఆ ఎనిమిదులు ఏం జేసినావు?"

చౌడేశ్వరి తల వంచుకుంది. పుట్టమ్మవ్వ, "ఏమి ఎనిమిదులమ్మా?" అంది. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు.

"ఏమీ లేవు. నేనే లెక్క తప్పినా," అంది నారాయణమ్మ. "మళ్ళీ చూస్తే కట్టకు నూరే ఉండాయి."

"నువ్వా? లెక్క తప్పినావా?"

"తప్పినా. మీ బావ దిగులు మీద కండ్లు సరిగా ఆనలేదు."

"సంచిలో ఉన్నేటివి నేను చూస్తినే?"

"అవి నావి. నా వంతులోటివి. మొత్తం లక్ష. కావాలంటే కూర్చుని లెక్కపెట్టుకో, నేను ఆపుతా పూజ."

అంజనమ్మ నూనె మరక పడిన చీరను చూసినట్టు అక్కను పైనుంచి కిందికి చూసింది. ఇన్నేళ్ళలో నారాయణమ్మ అందరినీ అట్లా చూసిందే గానీ ఆమెను అట్లా చూసినవాళ్ళు లేరు. వీధి ఆడవాళ్ళ ముందు, పుట్టమ్మవ్వ ముందు, నారాయణమ్మ ఆ చూపును భరించింది. ముఖం తిప్పుకోలేదు.

"ఇంకొక మాట," అంది చౌడేశ్వరి వైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు. "వచ్చే వారం మీ బావ ఆపరేషన్‌కు నేను మదనపల్లెకు పోతాండా. ఒక్కదాన్నే పోలేను. నీ మొగుణ్ణి నాకు తోడు పంపు. ఒక నెల ఆడనే ఉండాల్సొస్తాది. షావుకారు అడిగితే అక్క మొగుడికి బాలేదు, తోడు పోయినాడని చెప్పు."

చౌడేశ్వరి తలెత్తి అక్క ముఖంలోకి చూసింది.

"ఆయప్పెందుకక్కా?" అంది అంజనమ్మ. "మగ్గం ఆపుకుని యాడొస్తాడు? మా ఆయన్ను పంపుతా."

"వద్దు. తిమ్మప్పకు దోవ పొడుగునా మాట్లాడేది ఎక్కువ. నాకు కుళ్ళాయప్పే కావాల."

ఇందులో ఏదో ఉందని అంజనమ్మకు తెలిసిపోయింది. నాయన కూతురే కదా, ఆమెకు మాత్రం తెలియదా? ఏముందో అంతుపట్టక పళ్ళు కొరుక్కుంది. ఇక ముందు రైల్లో, మండీలో, నీళ్ళ దగ్గర ఏమేం అంటుందో నారాయణమ్మకు ముందే తెలుసు. పెద్దక్క లెక్క తప్పిందని, నోము నోచేటప్పుడు అబద్ధమాడిందని, పుట్టింటి ఇంటి కోసం చిన్నదాన్ని ఏదో ఎత్తుగడతో దువ్వుతోందని అంటుంది. అననీ.

"ఆ ముప్పైమూడూ తెచ్చి పొయ్యి," అంది చౌడేశ్వరితో.

చౌడేశ్వరి ముందుకొచ్చి గుప్పిట విప్పి గుట్ట మీద పోసింది. పుట్టమ్మవ్వ కర్పూరం అంటించి నారాయణమ్మ చేతికి ఇచ్చింది. నారాయణమ్మ ఒక చేత్తో అది పట్టుకుని, ఇంకో చేత్తో చిన్న చెల్లెలి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది. "నువ్వూ పట్టు," అంది. ఇద్దరూ కలిసి వెలిగించారు.

పుట్టమ్మవ్వ కళ్ళు మూసుకుని, "లక్షా పూర్తయిందా తల్లీ?" అని అడిగింది.

"పూర్తయింది అవ్వా," అంది నారాయణమ్మ.